పడవ చప్పుడు – చేప పరుగు

గోల్ బజార్‌లో పడవ మోటారు ధర విచారించే ముందు మీరు ఒక ప్రశ్న వేసుకోవలసి ఉంది: ఆ మోటారు చప్పుడు విన్న చేప ఏమి చేస్తుంది? తీసుకున్న ఋణానికి వాయిదాలు చెల్లించవలసింది పట్టిన చేపతోనే గనుక ఈ ప్రశ్న శాస్త్రజ్ఞులకు మాత్రమే సంబంధించినది కాదు.

చేప ఎలా వింటుంది?

నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. ఇది గాలిలోని వేగానికి నాలుగు రెట్లకు పైమాటే. చేపకు వెలుపలి చెవులు లేకపోయినా తలలో లోపలి చెవి ఉంది. దేహానికి ఇరుపక్కలా ఉండే పార్శ్వరేఖ దగ్గరి నీటి కదలికను పసికడుతుంది.

జలాశయాలలో పెరిగే కట్ల (బొచ్చె), రోహు (శీలావతి) చేపలకు మరొక ప్రత్యేకత ఉంది. వీటిలో గాలితిత్తిని లోపలి చెవితో కలిపే చిన్న ఎముకల వరుస ఉంటుంది. జర్మన్ శాస్త్రజ్ఞుడు వేబర్ 1820లో వర్ణించిన ఈ ఎముకల మూలంగా ఇవి అనేక సముద్రపు చేపల కన్న బాగా వినగలవు. కాబట్టి రతన్‌పూర్ సమీపంలోని ఖూటాఘాట్ వంటి జలాశయాలలో వేటాడేవారు శబ్దం విషయంలో మరింత జాగ్రత్త వహించవలసి ఉంటుంది.

తప్పించుకునే తీరు

పడవ సమీపించినపుడు చేపల గుంపు తరచుగా లోతుకు దిగుతుంది, లేదా పడవ దారి నుండి పక్కకు తొలగుతుంది. జాతిని బట్టి, ఋతువును బట్టి, పగలు రాత్రి తేడాను బట్టి ఈ తీరు మారుతుంది. సముద్రంలో ట్రాలర్లు ఈ బెదురునే ఉపయోగించుకుంటాయి: వల ముందు సాగే పలకలు, అవి లేపే బురద చేపలను వల నోటివైపు తరుముతాయి.

అయితే శబ్దం తగ్గించినంత మాత్రాన చేప బెదరదని భావించరాదు. నార్వే పరిశోధకులు 2007లో ప్రకటించిన ఫలితాలలో, హెర్రింగ్ చేపలు మామూలు నౌక కన్న శబ్దం తగ్గించిన నౌకకే ఎక్కువగా బెదరినట్లు తేలింది. నౌక కదలికకు నీటిలో కలిగే ఒత్తిడిని కూడా చేప గ్రహిస్తుందని దీనిని బట్టి ఊహించవచ్చు.

మీరు పాటించదగినవి

• మోటారును వేట స్థలానికి చేరడానికే వినియోగించండి. చాలా ముందుగానే ఆపి, తెడ్లతో సాగండి. నిలువుగా కట్టే గిల్‌నెట్‌లోకి చేప తనంతట తానే రావాలి.

• నీటిని కొట్టి చేపను తరిమేటప్పుడు చప్పుడు వలకు ఎదుటి దిక్కునుండి రావాలి.

• దెబ్బతిన్న పంకా రెక్కలను, వదులైన మోటారు బిగింపులను సరిచేయించండి. అవి శబ్దాన్ని పెంచుతాయి, ఇంధనాన్ని వృథా చేస్తాయి.

కిసాన్ క్రెడిట్ కార్డు సదుపాయం 2018-19లో మత్స్యకారులకు, చేపల పెంపకందారులకు కూడా విస్తరించబడింది. ఋణ అంచనా వేసుకునేటప్పుడు వల, ఐసు పెట్టె ఖర్చులను ముందు చేర్చి, మోటారు శక్తిని ప్రయాణ దూరాన్ని బట్టి నిర్ణయించుకోండి. విక్రేతలు సైతం కొనుగోలుదారుని వేట విధానాన్ని అడిగి తెలుసుకున్న పిమ్మటే మోటారు చూపడం ఉభయులకూ శ్రేయస్కరం. పెద్ద మోటారు మిమ్ములను చేప దగ్గరకు త్వరగా చేర్చగలదు. చేపను మీ దగ్గరకు తేలేదు.