తెరమీద పురుగు - కడుపులో పురుగు

భయంకర చిత్రాలలో ఒక తరహా ఉంది. ఏదో వింత జీవి మనిషి శరీరంలోకి దూరుతుంది. లోలోపలే పెరుగుతుంది. చివరకు పొట్ట చీల్చుకునో, నోట్లోంచో బయటపడుతుంది. ఇప్పుడు ఇలాంటివి చూడటానికి థియేటరుదాకా వెళ్ళనక్కర్లేదు. దుప్పటి ముసుగులో సెల్‌ఫోను పెట్టుకుని పిల్లలు చూసేస్తున్నారు. ఆ రాత్రి నిద్రపట్టదు. మర్నాడు "అమ్మా, నా కడుపులో ఏదో కదులుతోంది" అంటారు. తల్లి బెంబేలెత్తిపోతుంది. ఈ చిత్రాలలో నిజం పాలెంత? మనం నిజంగా భయపడవలసింది దేనికి?

రబ్బరు జీవులు

ఇవి చాలావరకు తక్కువ పెట్టుబడితో తీసినవే. పెద్ద రాక్షసుణ్ణి చూపించాలంటే బోలెడు ఖర్చు. శరీరంలో దాక్కునే పురుగుకైతే రబ్బరుతో చేసిన జలగ లాంటి బొమ్మ, కాస్త ఎర్రరంగు, భయపడుతూ నటించే మనిషి ఉంటే చాలు. మిగతాది ప్రేక్షకుడే ఊహించుకుంటాడు.

1959లో అమెరికాలో విలియం కాజిల్ 'ది టింగ్లర్' అనే సినిమా తీశాడు. మనిషి భయపడినప్పుడల్లా వెన్నెముక దగ్గర జెర్రి లాంటి జీవి పెరుగుతుందట! గట్టిగా కేకవేస్తే దాని బలం పోతుందట! కొన్ని థియేటర్లలో కుర్చీల కింద చిన్న మోటార్లు బిగించి, సరిగ్గా సమయానికి వణికించేవారు. 1975లో కెనడాలో డేవిడ్ క్రోనెన్‌బర్గ్ తీసిన 'షివర్స్'లో ఈ జీవులు ఒక పెద్ద అపార్ట్‌మెంట్ భవనంలో ఒకరినుంచి ఒకరికి అంటుకుంటాయి. దానికి ప్రభుత్వ సంస్థ డబ్బు కూడా పెట్టడంతో అక్కడ పెద్ద దుమారమే లేచింది. 1982లో వచ్చిన 'పారసైట్'లో ఒక డాక్టరు కడుపులోనే ఆ జీవి ఉంటుంది. (2019లో అదే పేరుతో వచ్చిన కొరియా చిత్రం వేరు, అందులో పురుగులుండవు.)

వెన్నెముకను పట్టుకునే జెర్రి, పొట్ట చీల్చే జలగ మనుషుల్లో లేవు. ఈ మాట పిల్లలకు స్పష్టంగా చెప్పండి.

అసలు పురుగుల తీరు

మనిషి శరీరంలో బతికే పురుగులు లేవా అంటే, ఉన్నాయి. కానీ వాటి తీరు వేరు. ఇంటి యజమాని పోతే అద్దెకున్నవాడికీ నీడ పోతుంది కదా! అందుకే అవి చప్పుడు చెయ్యవు. చాపకింద నీరులా పని కానిస్తాయి.

ఏలికపాములు చిన్నపేగులో ఉంటాయి. ఒక్కొక్కటి 15 నుంచి 35 సెంటీమీటర్ల పొడవుంటుంది. వీటి గుడ్లు మట్టిలోంచి చేతికీ, కూరగాయలకూ, అక్కడినుంచి నోటికీ చేరతాయి. బెల్లం ఎక్కువ తింటే కడుపులో పురుగులు పుడతాయనేది అపోహ. గుడ్డు లోపలికి పోనిదే పురుగు పుట్టదు.

కొంకిపురుగు అంతకంటే మాయదారిది. పొడవు ఒక సెంటీమీటరు. తడినేలలో ఉండే దీని పిల్లలు వట్టికాళ్ళతో నడిచేవారి పాదాల చర్మంలోంచి దూరి, రక్తంతోపాటు ఊపిరితిత్తులకు వెళ్ళి, గొంతుకెక్కి, మింగినప్పుడు పేగుకు చేరతాయి. ఈ ప్రయాణం ఏ సినిమా కథకూ తీసిపోదు. ఒక్కొక్కటి రోజుకు తాగే రక్తం కొద్ది చుక్కలే. అవి వందలుంటే, నెలల తరబడి ఉంటే? పిల్ల పాలిపోతుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతుంది. బడిలో కునుకుతుంది. "వట్టి బద్ధకం" అని పెద్దలు తిడతారు. పాపం, అది బద్ధకం కాదు, రక్తహీనత! తెరమీది పురుగు కేకలు పుట్టిస్తుంది. ఇదేమో ఉన్న ఓపికనూ లాగేస్తుంది.

నారికురుపు చెప్పే పాఠం

సినిమా పురుగుకు దగ్గరగా వచ్చేది ఒక్కటే - నారికురుపు. దాదాపు మీటరు పొడవుండే పురుగు కాలి పుండులోంచి బయటికి వచ్చేది. పుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెంగా లాగేవారు. దిగుడుబావి నీళ్ళలోని సూక్ష్మమైన నీటిపురుగుల ద్వారా ఇది కడుపులోకి పోయేది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాలు దీనితో బాధపడ్డాయి. దీనికి టీకా లేదు, నయంచేసే మందూ లేదు. అయినా 1996 తరువాత మన దేశంలో ఒక్క కేసూ లేదు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశాన్ని ఈ జబ్బు లేని దేశంగా ప్రకటించింది. నీళ్ళను గుడ్డతో వడగట్టడం, దిగుడుబావులను మార్చడం, పుండు ఉన్నవారిని నీళ్ళలో దిగనీయకపోవడం - ఇవే దాన్ని తరిమాయి. భయం తరమలేదు, జాగ్రత్త తరిమింది.

ఏం చెయ్యాలి?

పిల్లలు పాలిపోయి ఉంటే, మట్టి తింటూంటే, ఆయాసపడుతూంటే డాక్టరుకు చూపించండి. మలపరీక్ష, రక్తపరీక్ష చేస్తే సంగతి తెలుస్తుంది.

2015 నుంచి జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం జరుగుతోంది. సాధారణంగా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడులలో, అంగన్‌వాడీలలో 1 నుంచి 19 ఏళ్ళవారికి ఆల్బెండజోల్ ఉచితంగా ఇస్తారు. ఏడాది దాటి రెండేళ్ళలోపు పిల్లలకు సగం మాత్రే ఇస్తారు. మాత్రను బాగా నమిలి మింగాలి. ఆ రోజు జ్వరంగా ఉన్న పిల్లలకు వద్దు. గర్భిణులు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు.

మాత్ర వేశాక మలంలో ఏలికపాము కనిపిస్తే హడలిపోకండి. మందు పనిచేసిందని అర్థం. కాని మళ్ళీ మట్టిచేతులతో తింటే మళ్ళీ వస్తాయి. సబ్బుతో చేతులు కడగడం, గోళ్ళు కత్తిరించడం, చెప్పులు తొడగడం, మరుగుదొడ్డినే వాడటం, పచ్చికూరలు బాగా కడగడం తప్పనిసరి. రాత్రిపూట ఆసనం దగ్గర దురద ఉంటే అవి సన్నని నులిపురుగులు కావచ్చు. అప్పుడు ఇంటిల్లిపాదీ మందు వేసుకుని, రెండు వారాల తరువాత మరో మోతాదు వేసుకోవాలి.

సినిమా చూసి జడిసిన పిల్లలను వెక్కిరించకండి. పక్కన పడుకోబెట్టుకుని, అది రబ్బరు బొమ్మ అని చెప్పండి. కొన్నాళ్ళపాటు అలాంటివి చూడనివ్వకండి. పెద్దవాళ్ళలో ఎవరైనా చర్మం కింద పురుగులు పాకుతున్నాయని వారాల తరబడి అంటూంటే నవ్వి ఊరుకోకండి. అదీ ఒక జబ్బు కావచ్చు, దానికీ చికిత్స ఉంది.

ఈ రాత్రి పిల్లల చేతిలోని సెల్‌ఫోను తీసుకున్నప్పుడు, కింది కనురెప్పను కాస్త లాగి లోపలి రంగు చూడండి. ఎర్రగా ఉంటే సరే. తెల్లగా పాలిపోయి ఉంటే మాత్రం ఆలస్యం చెయ్యకండి.