పని చేతికి వచ్చేదెలా

ఐటీఐలో ఫిట్టర్ ట్రేడులో చేరిన కుర్రాడికి మొదటి వారాల్లో ఇచ్చే పని చూస్తే కన్నవాళ్లకు నిరాశే కలుగుతుంది. చేతికి ఒక ఆకురాయి, వైస్‌లో బిగించిన ఒక మైల్డ్ స్టీల్ ముక్క. దాని ముఖాన్ని రుద్ది చదును చేయాలి, అంతే. రోజులు గడుస్తాయి, ముక్క అరుగుతుంది, అరచేతులు బొబ్బలెక్కుతాయి, చదును మాత్రం రాదు. కంప్యూటర్‌తో నడిచే మిషన్లు వచ్చిన ఈ రోజుల్లో ఇంకా ఈ రుద్దుడేమిటని విసుక్కునేవాళ్లు చాలామందే ఉన్నారు. సంగతి తెలియాలంటే ఆ ముక్క దగ్గరే కాసేపు నిలబడాలి.

ముక్కను అక్కడ అందరూ ‘జాబ్’ అంటారు. జాబ్ మీద ఆకురాయిని ముందుకు తోస్తున్నంతసేపూ దానికి ఆధారమున్న చోటు మారిపోతూ ఉంటుంది. తోపు మొదట్లో మొన వైపు కొద్ది భాగమే జాబ్ మీద ఆని ఉంటుంది, పిడి వైపంతా గాలిలో ఉంటుంది. అప్పుడు మొన దగ్గరి చేయి గట్టిగా నొక్కాలి, పిడి పట్టిన చేయి తేలిగ్గా ఉండాలి. సగానికి వచ్చేసరికి రెండు చేతుల బరువూ సమానం కావాలి. చివరికొచ్చేసరికి బరువంతా పిడి చేతికి మారాలి. ఈ మార్పంతా సెకనులో, ఎక్కడా కుదుపు లేకుండా జరిగిపోవాలి. రెండు చేతులూ మొదటినుంచీ ఒకేలా నొక్కితే ఆకురాయి ఊగుతుంది, జాబ్ అంచులు ఎక్కువగా అరిగి మధ్యలో ఉబ్బు మిగులుతుంది. కొత్తవాళ్లందరి జాబూ మొదట ఉబ్బుగానే వస్తుంది.

ఆ ఉబ్బు కంటికి ఆనదు. ట్రైస్క్వేర్ అంచును జాబ్ మీద ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటేనే తెలుస్తుంది. వెంట్రుకకన్నా సన్నని సందు ఉన్నా దాని గుండా వెలుగు గీత కనిపిస్తుంది. మళ్లీ రుద్దాలి, మళ్లీ పట్టి చూడాలి. ఇన్‌స్ట్రక్టర్ వెనకనుంచి వచ్చి జాబ్ వైపు చూడనే చూడడు. కాళ్లు ఎలా పెట్టావు, మోచేయి వైస్ ఎత్తుకు సరిపోయిందా, నడుం ఊగుతోందా అని చూసి భుజం మీద చేయి వేసి సరిచేస్తాడు. తప్పు ఇనుములో కనిపిస్తుంది గానీ దాని మూలం ఒంట్లో ఉంటుంది. పై పేరాలో నేను రాసిందంతా కంఠతా పట్టినా ఎవరికీ చదును రాదు. వెయ్యిసార్లు తోయాలి, ప్రతి కొన్ని తోపులకూ ఒకసారి ‘ఇక్కడ తప్పావు’ అని చెప్పేవాళ్లు పక్కన ఉండాలి. చేతిపని శిక్షణంతా ఈ రెండిటి మీదే నిలబడింది. మొదటిది ఎక్కడైనా దొరుకుతుంది, కరువల్లా రెండోదానికే.

వెల్డింగు సంగతీ ఇంతే. రాడ్ కొసకూ ఇనుముకూ మధ్య దూరం సుమారుగా రాడ్ మందమంత ఉండాలని ఏ పుస్తకమైనా చెబుతుంది. దూరం పెరిగితే నిప్పురవ్వలు చిమ్మి అతుకులో గాలి బొక్కలు మిగులుతాయి, తగ్గితే రాడ్ అతుక్కుపోతుంది. పైగా రాడ్ కరుగుతూ పొట్టిదవుతుంటే చేయి కూడా అదే వేగంతో కిందికి దిగుతూ ఉండాలి. నల్లద్దం వెనక ఈ దూరాన్ని కొలిచేదెవరు? అనుభవమున్న వెల్డరు చెవితో కొలుస్తాడు. ఆర్క్ సరిగ్గా ఉంటే కాగిన నూనెలో అప్పడం వేగుతున్నట్టు ఆగకుండా చిటపటలాడుతుంది. అటు తిరిగి నిలబడి కూడా ఇన్‌స్ట్రక్టర్ ‘దూరం పెంచావురా’ అని అరవగలిగేది అందుకే.

ఇక కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మిషన్ల విషయానికొద్దాం. ప్రోగ్రాం సరిగ్గా ఉంటే జాబ్ సరిగ్గా వస్తుందని బయటివాళ్లు అనుకుంటారు. పలుచని ఉక్కు ఉంగరాన్ని మూడు దవడల చక్‌లో గట్టిగా బిగించి లోపలి రంధ్రం తీశారనుకోండి. మిషన్ మీద ఉన్నంతసేపూ రంధ్రం చక్కని గుండ్రమే. దవడలు వదులు చేయగానే ఉంగరం నొక్కుడునుంచి విడుదలై తన పాత ఆకారానికి సర్దుకుంటుంది, రంధ్రం కాస్తా మూడు వైపులా వంకర తిరుగుతుంది. ప్రోగ్రాంలో తప్పు లేదు, మిషన్‌లో లోపం లేదు. ఇనుము కూడా సాగుతుందనీ, నొక్కితే వంగి వదిలితే తిరిగొస్తుందనీ చేతితో తెలిసినవాడు బిగించేటప్పుడే జాగ్రత్తపడతాడు. జర్మనీలో అప్రెంటిస్‌లకు నేటికీ తొలిరోజుల్లో ఆకురాయి ఇచ్చేది, హైదరాబాద్ బాలానగర్‌లో 1968లో ఐక్యరాజ్యసమితి సాయంతో మొదలైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ లాంటి చోట్ల మైక్రాన్ల లెక్కల మధ్య కూడా చేతిపనికి గౌరవం ఉండేది ఇందుకే.

ఐటీఐ మెట్లెక్కకుండానే పని నేర్చినవాళ్లు మన దగ్గర లెక్కలేనంతమంది. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవాళ్లను, ఇంజన్లు విప్పేవాళ్లను అడిగి చూడండి. మేస్త్రి దగ్గర చేరిన కుర్రాడు ముందు విడిభాగాలు డీజిల్‌లో కడుగుతాడు, పానాలు అందిస్తాడు. పది-పదకొండు, పన్నెండు-పదమూడు అంటూ మేస్త్రి అడక్కముందే బోల్టు తల చూసి సరైన పానా తీసివ్వగలిగిన రోజున అతనికి ఒక మెట్టు దాటినట్టు. తర్వాత విప్పడం, ఆ తర్వాత బిగించడం. ఇంజన్ టైమింగ్ కలిపే పని చివరగా గానీ చేతికి రాదు. దీన్ని వెట్టిచాకిరీ అని కొట్టిపారేయడం తేలిక, కానీ ఈ వరసలో తెలివి ఉంది. జీన్ లేవ్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త 1970లలో ఆఫ్రికాలోని లైబీరియాలో దర్జీల దగ్గర పని నేర్చుకునేవాళ్లను పరిశీలించారు. వాళ్లు మొదట గుండీలు కుట్టడం, అంచులు మడవడం నేర్చుకుంటారు, తర్వాత కుట్టుపని, గుడ్డ కత్తిరించడం అన్నిటికన్నా చివర. చొక్కా తయారయ్యే వరసకు ఇది పూర్తిగా తలకిందులు. గుండీ తప్పుగా కుడితే విప్పి మళ్లీ కుట్టొచ్చు, కత్తెర తప్పితే గుడ్డే పోతుంది. పైగా ముగింపు పనితో మొదలుపెట్టినవాడికి పూర్తయిన వస్తువు ఎలా ఉండాలో ముందే తెలిసిపోతుంది. ఏ శిక్షణ పుస్తకమూ చదవకుండానే ఆటోనగర్ మేస్త్రి కూడా ఈ సూత్రాన్నే పాటిస్తున్నాడు.

మేస్త్రికి తెలియనిది కుర్రాడికీ తెలియదు, చిక్కంతా అక్కడే. డ్రాయింగ్ చదవడం రాదు, మైక్రోమీటర్ చూడటం రాదు, ఈ పని ఇలాగే ఎందుకు చేయాలంటే జవాబుండదు. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా గ్రైండింగు చేయడం మగతనంగా చలామణీ అవుతుంది, అది ఏమాత్రం మెచ్చుకోదగ్గది కాదు. పదేళ్ల పనితనం ఉన్నా చూపించడానికి కాగితం ఉండదు.

ఆ కాగితం ఇవ్వడానికే చట్టం వచ్చింది. కథ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మొదలైంది. ఆయుధ కర్మాగారాలకు పనివాళ్లు కావలసి వచ్చి 1940లో ప్రభుత్వం సాంకేతిక శిక్షణ పథకం పెట్టింది. కొందరిని బ్రిటన్ కూడా పంపింది. అక్కడి కార్మిక మంత్రి ఎర్నెస్ట్ బెవిన్ పేరు మీదుగా వాళ్లను బెవిన్ శిక్షణార్థులనేవారు. యుద్ధం ముగిశాక ఆ ఏర్పాట్లే తిరిగొచ్చిన సైనికులకు, దేశ విభజనలో వచ్చిన శరణార్థులకు పని నేర్పడానికి పనికొచ్చాయి. 1950లో వృత్తి శిక్షణ పథకం కింద ఐటీఐలు రూపుదిద్దుకున్నాయి. తరగతిలో నేర్చింది చాలదు, కర్మాగారంలోనూ నేర్పాలి కదా అని 1959లో యజమానుల ఇష్టానికి వదిలేస్తూ ఒక అప్రెంటిస్ పథకం తెచ్చారు. ఇష్టపడినవాళ్లు తక్కువ. అందుకే 1961లో అప్రెంటిస్‌ల చట్టం చేసి, 1962 నుంచి అమల్లో పెట్టారు.

యజమానుల వెనుకంజకు కారణం లేకపోలేదు. ఏడాదిపాటు సామాను పాడుచేయించి, సీనియర్ల సమయం పోగొట్టుకుని ఒకణ్ణి తయారుచేస్తే, పక్క ఫ్యాక్టరీవాడు వెయ్యి రూపాయలు ఎక్కువిచ్చి తీసుకుపోతాడు. ఏ ఫ్యాక్టరీలోనైనా పనికొచ్చే నైపుణ్యాన్ని ఒక్కడి ఖర్చుతో నేర్పించడం కష్టమని ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1964లో సిద్ధాంతీకరించారు. హైదరాబాద్ జీడిమెట్లలో చిన్న యూనిట్ నడిపే ఏ యజమానినడిగినా ఇదే మాట తనదైన యాసలో చెబుతాడు.

ఈ చట్టం కింద వచ్చిన నిబంధనల్లో ముఖ్యమైనవి చెబుతాను. 2019 సవరణ ప్రకారం 30 మంది, అంతకుమించి పనిచేసే సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు మొదటి ఏడాది కనీస స్టైపెండ్ నెలకు 7,000 రూపాయలని ఆ నిబంధనలు చెప్పాయి. 2016లో వచ్చిన జాతీయ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో నాలుగో వంతు, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరించేలా ఏర్పాటు చేశారు. ఇక 2014 సవరణ చూడండి. తీసుకోవలసినవాళ్లను తీసుకోకపోతే ఒక్కో ఖాళీకి మొదటి మూడు నెలలూ నెలకు 500, ఆ తర్వాత వెయ్యి రూపాయల జరిమానా పెట్టారు. స్టైపెండ్ కన్నా జరిమానా ఎన్నో రెట్లు చవకైతే యజమాని ఏది ఎంచుకుంటాడో లెక్కల మాస్టారు చెప్పనక్కర్లేదు.

ఈ చట్టంలో నాకు బాగా నచ్చిన నిబంధన గురించి ఎవరూ మాట్లాడరు. అప్రెంటిస్‌కు ముక్కల లెక్కన డబ్బు ఇవ్వకూడదు, ఎక్కువ ఉత్పత్తికి బోనస్ ఆశ చూపకూడదు. అధికారి అనుమతి లేనిదే ఓవర్‌టైమ్ చేయించకూడదు, ఆ అనుమతి కూడా నేర్చుకోవడానికి మేలు చేస్తుందనో, ప్రజా ప్రయోజనం ఉందనో అనుకుంటేనే ఇవ్వాలి. ముక్కల లెక్క మొదలైతే వచ్చిన పనినే గబగబా చేసేస్తారు, రాని పని జోలికి పోరు. చట్టం రాసినవాళ్లెవరో వర్క్‌షాపు తెలిసినవాళ్లే. అయినా ఏడాదంతా ఒకే డ్రిల్లింగు మిషన్ దగ్గర నిలబెట్టి ఒకే రంధ్రం వేయించుకునే చోట్లు ఉన్నాయి. అప్రెంటిస్ చట్టం దృష్టిలో కార్మికుడు కాదు, శిక్షణార్థి. కార్మికుడి హక్కులు చాలావరకు లేవు, శిక్షణా లేదంటే ఇక మిగిలింది చవక కూలీనే.

ఏం నేర్చారో చూడకుండా శిక్షణను నెలల్లో కొలవడం కొత్త తప్పేమీ కాదు. ఇంగ్లండులో 1563నాటి చట్టం ఏడేళ్ల శిష్యరికాన్ని తప్పనిసరి చేసింది. లండన్‌లో ఒక్క ఏడాదే పని నేర్చుకుని గ్లాస్గో వచ్చిన జేమ్స్ వాట్‌ను అక్కడి వృత్తి సంఘం దుకాణం పెట్టుకోనివ్వలేదు. 1757లో విశ్వవిద్యాలయం తన ప్రాంగణంలో చోటిచ్చింది. ఆవిరి యంత్రపు నమూనాను ఆయన బాగుచేయబోయి దాని లోపం పట్టుకున్నది ఆ చోటే.

జర్మనీవాళ్లు నెలలతో పాటు నేర్పేవాళ్లనూ లెక్కలోకి తీసుకున్నారు. అక్కడ ఇండస్ట్రియల్ మెకానిక్ శిక్షణ మూడున్నరేళ్లు. వారంలో మూడు నాలుగు రోజులు ఫ్యాక్టరీలో, మిగతాది వృత్తి పాఠశాలలో. పరీక్ష పెట్టేది పరిశ్రమల మండలి. ఫ్యాక్టరీలో శిక్షణ బాధ్యత తీసుకునేవాడు తనకు పని వచ్చని చూపిస్తే చాలదు, నేర్పడం వచ్చని కూడా మామూలుగా విడిగా ఒక పరీక్షలో రుజువు చేసుకోవాలి. మన షాప్‌ఫ్లోర్ మీద అప్రెంటిస్‌ను ఎవరో ఒక ఆపరేటర్‌కు అప్పగిస్తారు. ఆ రోజు టార్గెట్ నెత్తిన పెట్టుకున్న ఆపరేటర్‌కు నేర్పినందుకు ఒక్క రూపాయి అదనంగా రాదు, పైగా పని ఆలస్యమైందని మాట పడతాడు. ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అధునాతన కేంద్రాలుగా మార్చే పని తెలంగాణ 2024లో మొదలుపెట్టింది. మిషన్లు రావలసిందే. కానీ ఖర్చులో కొంత నేర్పేవాడి జీతానికీ తీరికకూ పోకపోతే ఆ మిషన్ల మీద దుమ్ము తుడవడం తప్ప పిల్లలు నేర్చేది పెద్దగా ఉండదని నా అభిప్రాయం.

రైల్వే సంగతి వేరుగా చెప్పాలి. లాలాగూడ, రాయనపాడు, తిరుపతి వర్క్‌షాపుల్లో అప్రెంటిస్‌లను రాతపరీక్ష లేకుండా పదో తరగతి, ఐటీఐ మార్కుల సగటుతో తీసుకుంటారు. పూర్తిచేసినవాళ్లకు లెవెల్-1 ఉద్యోగాల్లో 20 శాతం కేటాయింపు ఉంది. అందుకే అక్కడ పోటీ ఎక్కువ. అయితే ఏ అప్రెంటిస్‌షిప్ అయినా ఉద్యోగానికి హామీ కాదు.

కాబట్టి పిల్లవాణ్ణి ఎక్కడైనా చేర్పించేముందు నాలుగు మాటలు అడగండి. నేర్పేది ఎవరు, ఆ మనిషికి అదే పనా, లేక ఉత్పత్తి కూడా చూసుకోవాలా? ఏడాదిలో ఎన్ని రకాల పనుల మీదికి మారుస్తారు? పాడైన జాబ్‌కు జీతంలో కోత పెడతారా? పెడతామంటే అక్కడినుంచి వచ్చేయండి. చివరిది కాగితం సంగతి. ఒప్పందం ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదు కాకపోతే ఏడాది చివర జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ పరీక్షకు కూర్చోవడం కుదరదు. చేరిన మొదటి నెలలోనే ఆ నమోదు నంబరు అడిగి రాసిపెట్టుకోండి.