సిరాచుక్క ఎంత పరచుకుంది?

ఇంట్లో ఒకరికి కాన్సరు చికిత్స జరుగుతోందనుకోండి. మొదటిసారి పెట్ స్కాను తీసినప్పుడు రిపోర్టులో గడ్డకు ఎదురుగా 9 అనే అంకె వుంది. మూడు నెలలు మందులు వాడిన తరువాత మరో వూళ్ళో, మరో యంత్రం మీద తీయిస్తే 4 అని వచ్చింది. ఇంటిల్లిపాదీ హమ్మయ్య అనుకున్నారు. ముడుపు కట్టిన అమ్మమ్మగారు కొండకు ప్రయాణమవుతున్నారు. వారి సంతోషాన్ని కాదనడానికి ఎవరికీ నోరు రాదు. కాని తగ్గింది రోగమా, వుట్టి అంకేనా? రెండు యంత్రాల చూపు ఎంతెంత పదునుగా వుందో తెలిస్తేగాని ఈ ప్రశ్నకు జవాబు దొరకదు.

ఎక్స్‌రేలో కిరణాలు బయటినుంచి శరీరంలోకి దూసుకుపోతాయి గదా. ఇక్కడ వ్యవహారం తలకిందులు. రేడియోధార్మిక పదార్థాన్ని కొద్దిగా సూదిమందులో కలిపి ఎక్కిస్తారు. అది ఏ అవయవంలో చేరితే అక్కడినుంచి కిరణాలు బయటికి వస్తాయి. ఆ కిరణాలను పట్టి బొమ్మ కట్టే గామా కెమేరాను అమెరికాలో, బర్క్‌లీలో పనిచేసిన హాల్ ఆంగర్ 1957లో తయారుచేశాడు.

మామూలు కెమేరాకు గాజుకటకం వుంటుంది. గామా కిరణాలు గాజుకు లొంగి వంగేవి కావు. అందుకని ఆంగర్ కెమేరా ముందు సీసపు పలకను అమర్చుతారు. దాన్నిండా జల్లెడకు మల్లే వేలకొద్దీ సన్నని రంధ్రాలుంటాయి. తిన్నగా వచ్చిన కిరణం రంధ్రంలోంచి పోయి వెనుకనున్న సోడియం అయొడైడు స్ఫటికాన్ని తాకి మెరుస్తుంది. అడ్డదిడ్డంగా వచ్చినది సీసంలో ఇంకిపోతుంది. చిక్కల్లా రంధ్రానికి ఎంతో కొంత వెడల్పు వుండడమే. కాస్త ఏటవాలుగా వచ్చిన కిరణం కూడా అందులోంచి జారిపోతుంది. మెరుపు ఎక్కడ మెరిసిందో పసిగట్టడంలో స్ఫటికం కూడా కొంచెం తడబడుతుంది. ఫలితం ఏమంటే, అద్దుడు కాగితం మీద వేసిన సిరాచుక్కలాగా, శరీరంలోని చుక్క బొమ్మలో మరకగా పరచుకుంటుంది.

ఎంత మేర పరచుకుందో కొలిచే పద్ధతి ముచ్చటగా వుంటుంది. లోపలి వెడల్పు 1 మిల్లీమీటరుకు మించని గాజుగొట్టంలో టెక్నీషియం ద్రావణం నింపుతారు. దాన్ని జల్లెడకు 10 సెంటీమీటర్ల దూరంలో వుంచి బొమ్మ తీస్తారు. గొట్టానికి అడ్డంగా ఎక్కడ ఎన్ని కిరణాలు పడ్డాయో లెక్కపెట్టి గీత గీస్తే చిన్న కొండ ఆకారం వస్తుంది. ఆ కొండకు సగం ఎత్తులో వెడల్పు ఎంతో అదే కెమేరా చూపు కొలత. గొట్టం 1 మిల్లీమీటరైనా లేదు. కొండ మాత్రం 7, 8 మిల్లీమీటర్లు వుంటుంది!

ఇందులో జల్లెడ వాటా ఒకటి, స్ఫటికం వాటా ఒకటి. జల్లెడది 6, స్ఫటికానిది 4 అయితే మొత్తం 10 కాదు, 7 పైచిలుకు మాత్రమే. బడిలో లంబకోణ త్రిభుజానికి కర్ణం కట్టినట్టు వర్గాలు కూడి వర్గమూలం తీయాలి. దూరం పెరిగినకొద్దీ జల్లెడ వాటా పెరుగుతుంది. కెమేరాను రోగి ఛాతీకి ఆనుతుందేమో అన్నంత దగ్గరకు దించేది అందుకే. మీద పడుతుందేమోనని కళ్ళు మూసుకునేవారికి ఈ సంగతి ముందుగా చెబితే ఎంత బాగుండును!

పెట్ యంత్రానికి సీసపు జల్లెడ లేదు. ఎదురెదురు దిక్కులకు ఒకేసారి పోయే రెండు కిరణాలను జంటగా పట్టుకోవడం దాని పద్ధతి. చూపు 4, 5 మిల్లీమీటర్లదాకా వస్తుంది. అయితే బొమ్మ నునుపుగా కనబడాలని లెక్కలో చేసే సవరింపువల్ల అది తిరిగి 7, 8కి పోవచ్చు.

ఇక అసలు సంగతికి వద్దాం. చూపు 8 మిల్లీమీటర్లనుకుని లెక్క కడదాం. చుట్టుపక్కల ఏమీ లేనిచోట, నిజంగా 100 పాళ్ళ రేడియోధార్మికత వున్న గుండ్రని గడ్డ వుంది. దాని వ్యాసం 37 మిల్లీమీటర్లయితే నడిమధ్యన యంత్రం 100 అనే చెబుతుంది. 17 అయితే 90 అంటుంది. 10 అయితే 46! మిగిలినది ఎక్కడికీ పోలేదు, చుట్టూ పరచుకుంది. నేతిచుక్కను వెడల్పాటి పళ్ళెంలో వేస్తే నెయ్యి తగ్గదు, పలచబడుతుంది. అదే 10 మిల్లీమీటర్ల గడ్డను 5 మిల్లీమీటర్ల చూపున్న యంత్రం 86 అంటుంది. ఒకే గడ్డ, ఒకే రోజు, రెండు అంకెలు.

అంటే గడ్డ కుంచించుకుపోతే, అందులోని వేడి చల్లారకపోయినా అంకె దిగిపోతుంది. గడ్డ చిన్నదవడం శుభవార్తే, సందేహం లేదు. కాని మిగిలిన ముక్క నివురుగప్పిన నిప్పై వుంటే, చల్లారిందనుకుని మందు ఆపడం ప్రమాదం.

దీనికి విరుగుడు వుంది. మనిషి మొండెం ఆకారంలో వున్న ప్లాస్టిక్ పాత్రలో 10, 13, 17, 22, 28, 37 మిల్లీమీటర్ల లోపలి వ్యాసాలుగల ఆరు బోలుగుండ్లు బిగిస్తారు. తెలిసినంత పదార్థం వాటిలో నింపి స్కాను తీస్తారు. పోసింది ఎంత, యంత్రం చెప్పింది ఎంత అని ఒక్కొక్క గుండుకూ నిష్పత్తి కడతారు. గడ్డ పరిమాణాన్నిబట్టి కొలత ఎట్లా తగ్గుతుందో 1979లోనే హాఫ్‌మన్, హువాంగ్, ఫెల్ప్స్ అనే ముగ్గురు ఒక వ్యాసంలో వివరించారు. ఆ నిష్పత్తితో భాగిస్తే నిజానికి దగ్గరగా రావచ్చు. అట్లా అని గుడ్డిగా భాగించడమూ మంచిది కాదు. రోగి గడ్డ గాజుగుండులా నున్నగా వుండదు, ఊపిరి తీసినప్పుడల్లా కదులుతుంది కూడా. చూపును లెక్కలతో పదునుపెట్టే కొత్త పద్ధతులు మితిమీరితే చిన్న గడ్డను వున్నదానికన్నా వేడిగా చూపించడం కద్దు.

మొదట చెప్పిన కుటుంబం చేయవలసింది పెద్ద పనేమీ కాదు. కుదిరినంతవరకు మొదటి స్కాను తీసిన యంత్రం మీదే రెండోదీ తీయించాలి. కుదరకపోతే రిపోర్టు కాగితమే గాక పాత స్కాను బొమ్మల సి.డి. కూడా వెంట తీసుకుపోవాలి. 9, 4 అనే అంకెల పక్కన గడ్డ అప్పుడెంత, ఇప్పుడెంత అని మిల్లీమీటర్లలో అడగాలి. సూదిమందు ఇచ్చిన ఎంతసేపటికి స్కాను తీశారో కూడా రెండుసార్లకూ సరిచూడమనాలి. ఆ వ్యవధి మారినా అంకె మారుతుంది. అమ్మమ్మగారి కొండ ప్రయాణం మాత్రం ఆపనక్కరలేదు.