తక్కువ ఖర్చుతో హాట్ రాడ్ - ముందు కాగితం మీద కట్టాలి

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. అమెరికాలో పాత కార్లతో కుస్తీ పట్టేవాళ్లను అడిగితే "ఇంటి దగ్గర కారు కట్టి చూడు" అని మూడోది కూడా చేరుస్తారేమో! ఆ కారు పేరే హాట్ రాడ్. ఇంగ్లీషు సినిమాల్లో, పిల్లల బొమ్మ కార్లలో దాన్ని మనమంతా చూసే ఉంటాం. ముందు మడ్‌గార్డులు ఉండవు. ఇంజన్ పైన మూత ఉండదు. వెనక చక్రాలు లావుగా, ముందు చక్రాలు సన్నగా ఉంటాయి. చూస్తే డబ్బున్నవాళ్ల సరదాలా అనిపిస్తుంది. కానీ అది పుట్టింది జేబులో డబ్బు లేని కుర్రాళ్ల చేతుల్లో. అందుకే మన పత్రికలో దాని గురించి రాయాలనిపించింది.

హాట్ రాడ్ ఎలా పుట్టింది?

ఫోర్డ్ కంపెనీ 1908 నుంచి 1927 వరకు మోడల్-టి కారును తయారు చేసింది. కోటిన్నరకు పైగా బండ్లు అమ్ముడుపోయాయి. దాని ఇంజన్ శక్తి కేవలం 20 హార్స్‌పవర్. ఆ తర్వాత మోడల్-ఎ వచ్చింది. 1932లో ఫోర్డ్ సామాన్యుడు కొనగల ధరలో వి-8 ఇంజన్ కారును తెచ్చింది. ఎనిమిది సిలిండర్లు, 65 హార్స్‌పవర్! అప్పటిదాకా అలాంటి ఇంజన్ ఖరీదైన కార్లకే ఉండేది.

ఇన్ని లక్షల కార్లు తయారైతే కొన్నాళ్లకు పాత సామాన్ల కొట్లలో అవే గుట్టలుగా పడతాయి కదా! దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు వాటిని చవకగా కొని, అవసరం లేని రేకులన్నీ విప్పేసేవారు. బరువు తగ్గితే అదే ఇంజన్‌తో బండి ఇంకా వేగంగా పోతుంది. ఒక కారు ఇంజన్, మరో కారు ఇరుసు, ఇంకో కారు బ్రేకులు తెచ్చి కలిపేవారు. మొహావీ ఎడారిలో మురాక్, ఎల్ మిరాజ్ అనే ఎండిపోయిన సరస్సులున్నాయి. ఆ చదును నేలల మీద పందేలు పెట్టుకునేవారు. ఆ పందేలను పద్ధతిగా నడపడానికి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడింది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, సైన్యంలో మెకానిక్ పని నేర్చిన యువకులు ఇళ్లకు తిరిగొచ్చారు. ఈ సరదా మరింత పెరిగింది. 1948 జనవరిలో రాబర్ట్ పీటర్సన్ 'హాట్ రాడ్' అనే పత్రికనే ప్రారంభించారు. వీధుల్లో పందేలు ప్రాణాల మీదికి తెస్తున్న రోజుల్లో, వాటిని రక్షణ ఉన్న ట్రాకుల మీదికి మళ్లించడానికి వాలీ పార్క్స్ 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను స్థాపించారు.

బండి ఎక్కడ ఆగిపోతుంది?

మన ఊళ్లలో బేస్‌మెంట్ దాకా లేచి ఆగిపోయిన ఇళ్లను చూస్తుంటాం. లింటెల్ దాకా వచ్చి, స్లాబ్ పడక, గోడల మీద పిచ్చిమొక్కలు మొలిచిన ఇళ్లూ ఉంటాయి. అమెరికాలో ఇళ్ల వెనక షెడ్లలో అలా సగంలో ఆగిపోయిన కార్లు కూడా ఉంటాయి. వాటిలో చాలావాటికి డబ్బు ఒక్కటే కారణం కాదు. వరస తప్పడం కూడా కారణమే. ఉత్సాహంగా మొదటి వారంలోనే కారు మొత్తం విప్పేస్తారు. మెరిసే చక్రాలు ముందే కొంటారు. బ్రేకులకు వచ్చేసరికి డబ్బు ఉండదు. విప్పిన బోల్టు ఎక్కడిదో గుర్తుండదు. చివరికి ఆ ఇనుమును సగం ధరకు అమ్ముకుంటారు. ఇలా కాకూడదంటే ఏం చేయాలి?

మొదటి మెట్టు: ఒకే ఒక్క వాక్యం

ఈ బండి దేనికి? ఆదివారం ఊరు తిరగడానికా, పందేనికా, రోజూ పనికి వెళ్లడానికా? జవాబు ఒక వాక్యంలో రాసి గోడకు అంటించాలి. ఊరు తిరగడానికైతే భారీ ఇంజన్ అక్కర్లేదు. ఆ వాక్యానికి పనికిరాని ప్రతి సామానూ దండగ ఖర్చే.

రెండో మెట్టు: బండి కంటే ముందు కాగితాలు

అమెరికాలో కారు యాజమాన్య పత్రాన్ని టైటిల్ అంటారు. అది లేకుండా చవకగా దొరికిన బండి నిజానికి చవక కాదు, రిజిస్ట్రేషన్ దగ్గర చుక్కలు చూపిస్తుంది. ఇంట్లో మార్చిన కార్ల మీద ఒక్కో రాష్ట్రంలో ఒక్కో నిబంధన ఉంటుంది. వాటిని కొనకముందే తెలుసుకోవాలి.

తర్వాత తుప్పు చూడాలి. పైరేకు మీది తుప్పును గీకి బాగు చేయొచ్చు. ఛాసిస్ తుప్పు పట్టి తినేస్తే మాత్రం ఆ బండిని వదిలేయడమే మేలు. చిన్న అయస్కాంతం జేబులో పెట్టుకెళితే చాలు. రేకు మీద అది అంటుకోని చోట రంగు కింద పుట్టీ దట్టంగా మెత్తారని అర్థం. ఇంకో మాట: ముక్కలుగా దొరికే గొప్ప కారు కంటే, అన్ని భాగాలూ ఉన్న మామూలు కారు నయం. లేని భాగాలను ఒక్కొక్కటిగా కొంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

మూడో మెట్టు: పరుగు కంటే ముందు ఆగడం

మనం ఇంటర్‌లో చదివిన సూత్రమే ఇది. గతిజశక్తి వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వేగం గంటకు 50 కిలోమీటర్ల నుంచి 100కు పెరిగితే, బ్రేకులు పీల్చుకోవాల్సిన శక్తి రెండింతలు కాదు, నాలుగింతలు! 20 హార్స్‌పవర్ కోసం చేసిన పాత బ్రేకులు 200 హార్స్‌పవర్ ఇంజన్‌ను ఎలా ఆపుతాయి? ఫోర్డ్ కార్లకు హైడ్రాలిక్ బ్రేకులు 1939 మోడల్‌తోనే వచ్చాయి. అంతకు ముందువి రాడ్లతో, కేబుళ్లతో పనిచేసేవి. అందుకే ఆనాటి కుర్రాళ్లు పాత బండ్లకు కొత్త మోడళ్ల హైడ్రాలిక్ బ్రేకులు తెచ్చి బిగించేవారు. బ్రేకులు, స్టీరింగ్, టైర్లు, సీటు బెల్టులు - ఈ నాలుగింటి డబ్బు ముందే పక్కన పెట్టాలి.

నాలుగో మెట్టు: ఇంజన్, గేర్ బాక్స్ జత

షెవ్రొలే 1955లో తెచ్చిన చిన్న సైజు వి-8 ఇంజన్ దశాబ్దాల పాటు లెక్కలేనన్ని కార్లలో వచ్చింది. కాబట్టి పాత ఇంజన్లు, విడిభాగాలు విరివిగా దొరికేవి. బడ్జెట్ బండికి సూత్రం ఇదే: అరుదైనది వద్దు, అందరి దగ్గరా ఉన్నది కావాలి. ఇంజన్‌ను నడుస్తున్న స్థితిలో, దాని గేర్ బాక్స్‌తో కలిపి కొంటే అతుకుల ఖర్చు తప్పుతుంది.

వెనక ఇరుసు నిష్పత్తిని కూడా లెక్క కట్టాలి. మైళ్ల వేగాన్ని ఇరుసు నిష్పత్తితో, 336తో గుణించి, అంగుళాల్లో టైరు వ్యాసంతో భాగిస్తే నేరు టాప్ గేర్‌లో ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో వస్తుంది. గంటకు 60 మైళ్లు, 28 అంగుళాల టైరు, 3.73 నిష్పత్తి అయితే సుమారు 2,686 చుట్లు. నిష్పత్తి 3.00 అయితే 2,160 మాత్రమే. దూరప్రయాణంలో పెట్రోలు, చప్పుడు రెండూ తగ్గుతాయి. మొదటిది ఎత్తుకోవడంలో చురుకు. ఏది కావాలో గోడ మీది వాక్యమే చెబుతుంది.

ఐదో మెట్టు: లెక్క

చేతిలో 10,000 డాలర్లు ఉన్నాయనుకుందాం. ఇవి మార్కెట్ ధరలు కావు, పంచుకునే పద్ధతికి ఉదాహరణ మాత్రమే.

పాత బండి, కాగితాలు - 3,000
బ్రేకులు, స్టీరింగ్, స్ప్రింగులు, టైర్లు - 2,000
ఇంజన్, గేర్ బాక్స్ - 2,000
వైరింగ్, రేడియేటర్, పెట్రోలు ట్యాంకు, లైట్లు, బెల్టులు - 1,500
పనిముట్లు, అద్దెలు - 500
అనుకోని ఖర్చు - 1,000

రంగు ఎక్కడా లేదని గమనించారా? కావాలనే వదిలేశాను. బండి నడిచాక మిగిలితే రంగు. చివరి వెయ్యిని మాత్రం మొదటి రోజు నుంచే ముట్టకూడదు. బోల్టులు, గొట్టాలు, నూనెలు, గాస్కెట్లు వంటి చిల్లర సామాన్లే దాన్ని తినేస్తాయి.

ఆరో మెట్టు: వరస

విప్పే ముందు ఫోటోలు తీయాలి. ఒక్కో భాగం బోల్టులను ఒక్కో సంచిలో వేసి చీటీ రాయాలి. ఒక భాగం పూర్తయ్యాకే ఇంకోటి విప్పాలి. రంగు వేయకుండానే మొత్తం బిగించి, కొన్నాళ్లు నడిపి, లోపాలు సరిచేశాకే విప్పి రంగు వేయాలి. ముందే రంగు వేస్తే ప్రతి వెల్డింగుకూ అది పాడవుతుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకూడదు, గట్టి స్టాండ్లు పెట్టాల్సిందే. పెట్రోలు నిలవ ఉన్న ట్యాంకు ఖాళీగా కనిపించినా దాని మీద వెల్డింగు చేయకూడదు, లోపలి ఆవిరి పేలిపోతుంది. బ్రేకు, స్టీరింగ్ వెల్డింగులు చేయి తిరిగిన మనిషితోనే చేయించాలి.

మన దగ్గర కుదురుతుందా?

మన దేశంలో ఇలా మార్చిన బండిని రోడ్డెక్కించడం కుదరదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. కాబట్టి ఇది చదివి ఎవరూ చిన్నాన్న అంబాసిడర్ విప్పొద్దని మనవి!

అయితే చేయి ఊరుకోని ఇంజనీరింగ్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక దారి ఉంది. 2007లో మన దేశంలో మొదలైన బాహా పోటీల్లో, కాలేజీ జట్లు ఒక మనిషి కూర్చునే బండిని తామే గీసి, తామే కట్టి, కొండమట్టి మీద నడుపుతాయి. అక్కడ వేగానికే కాదు, బ్రేకు పరీక్షకు, ఖర్చు నివేదికకు కూడా విలువ ఉంటుంది. అంటే పైన చెప్పిన మెట్లన్నీ అక్కడా ఎక్కాల్సిందే.

మిత్రులారా! మనలో చాలామందిమి ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాకా వచ్చినవాళ్లం. నేనూ అంతే. ప్రాజెక్టు అయినా, కోచింగ్ అయినా, చిన్న వ్యాపారమైనా "ఇది ముందు, అది తర్వాత" అని చెప్పేవాళ్లు మన ఇళ్లల్లో ఉండరు. ఒకసారి సగంలో ఆగితే రెండోసారి పెట్టడానికి అమ్మానాన్నల దగ్గర డబ్బూ ఉండదు. డబ్బున్నవాడు వరస తప్పినా మళ్లీ కొనుక్కుంటాడు. మనకు వరసే పెట్టుబడి. అందుకే ఏ పని మొదలుపెట్టినా ముందు ఒక తెల్లకాగితం తీసుకుందాం. దేనికో ఒక వాక్యం రాద్దాం. మనల్ని నిలబెట్టే ఖర్చు ముందు, మెరిపించే ఖర్చు చివర వేద్దాం. అనుకోని ఖర్చుకు పక్కన పెట్టిన డబ్బు ముట్టకుండా ఉందాం. అప్పుడు మన బండి షెడ్డులో ఆగిపోదు, రోడ్డెక్కుతుంది.