కేస్ పేపర్ మీద ‘ఫెబ్రైల్’ అంటే ఏంది?

మన నాందేడ్‌లో జరానికి పేర్ల కొదవ లేదు. ఇంట్లో జరం అంటాం, మరాఠీ పొరుగోళ్ళతో తాప్ అంటాం, దుకాణంలో బుఖార్ అంటాం. డాక్టర్లు కేస్ పేపర్ మీద రాసేది ఇంకో మాట, ‘ఫెబ్రైల్’. లాటిన్ భాషలో జరాన్ని ‘ఫెబ్రిస్’ అంటారు, అందులోంచి పుట్టింది. అర్థం ఇంతే, జరం ఉంది అని. మామూలుగా 100.4 డిగ్రీలు, ఆ పైన ఉంటే జరం కింద లెక్క.

దాని ముందు ‘ఏ’ చేరి ‘ఏఫెబ్రైల్’ అయితే అర్థం తిరగబడుతుంది. న్యాయం ముందు ‘అ’ పెడితే అన్యాయం అయినట్టు, ఏఫెబ్రైల్ అంటే జరం లేదు.

పసిపిల్లల తల్లులు ‘ఫెబ్రైల్ సీజర్’ అనే మాట తెలుసుకోవాలి. 6 నెలల నుంచి 5 ఏళ్ళ లోపు పిల్లల్లో కొందరికి జరంతో ఫిట్స్ వస్తాయి. చాలామందికి కొద్ది నిమిషాల్లో ఆగిపోతాయి. చెప్పు వాసన చూపించడం, నోట్లో చెంచా పెట్టడం, నీళ్ళు పోయడం చెయ్యొద్దు. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి, గడియారం చూడండి. 5 నిమిషాలు దాటితే వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. ఆగిపోయినా సరే, డాక్టరుకు చూపించాలి.

ఇక మన మిల్లోళ్ళ సంగతి. నేను కార్డింగ్ ఖాతాలో చేసినవాణ్ణి. కొత్తగా చేరిన పోరగాళ్ళకు దూది దుమ్ముకు సాయంత్రం చలిజరం పట్టేది, కొన్ని రోజులకు పోయేది. దాన్ని మిల్ ఫీవర్ అంటారు. అది ఫెబ్రైల్. ఏళ్ళ తరబడి చేసినోళ్ళకు వారం సెలవు తర్వాత డ్యూటీ ఎక్కిన రోజు రొమ్ము పట్టేసేది, దమ్ము ఆడేది కాదు. ఒళ్ళు మాత్రం చల్లగానే ఉండేది. ఇది బిసినోసిస్. 1923 నాటి పరిహార చట్టంలో వృత్తి రోగాల పట్టికకు కూడా ఎక్కింది.

అందుకే చెబుతున్నా, కాగితం మీద ఏఫెబ్రైల్ అని ఉంటే రోగమే లేదని కాదు, ఒంట్లో వేడి లేదని మాత్రమే. దమ్ము, దగ్గు ఉంటే మిల్లులో ఏ ఖాతాలో ఎన్నేళ్ళు చేశారో డాక్టరుకు మీరే చెప్పండి. ఆయన అడిగేదాకా ఆగొద్దు.