కరెంటు పోతే నీళ్ల పైపు ఎందుకు పగులుతుంది?

‘పంపింగ్ స్టేషన్‌లో విద్యుత్ అంతరాయం, ఈ ప్రాంతాలకు నీటి సరఫరా బంద్’ అన్న మెసేజ్ మీ ఫోన్‌కు చాలాసార్లు వచ్చే ఉంటుంది. కరెంటు పోతే మోటార్లు ఆగుతాయి, అంతవరకు సరే. కానీ గంటలో కరెంటు తిరిగొచ్చినా, ఒక్కోసారి ‘మెయిన్ లైన్ పగిలింది, మరమ్మతులు జరుగుతున్నాయి’ అని ఇంకో మెసేజ్ వస్తుంది. మోటారు ఆగితే పైపు పగలడమేంటి?

ఆర్టీసీ బస్సులో నిలబడి వెళ్తుంటే డ్రైవర్ సడన్ బ్రేక్ వేశాడనుకోండి. బస్సు ఆగుతుంది, మీరు ఆగరు. పైపులో నీళ్లదీ అదే పరిస్థితి. మీటరు వ్యాసం ఉన్న పైపులో ఒక్క కిలోమీటరు పొడవున ఉండే నీటి బరువే దాదాపు 785 టన్నులు. గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి హైదరాబాద్‌కు 180 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వస్తాయి. అంత బరువు కదులుతూ కదులుతూ ఒక్కసారిగా ఆగాల్సి వస్తే, ఆ ఊపంతా ఒత్తిడిగా మారి పైపు గోడల మీద పడుతుంది. ఇంజినీర్లు దీన్ని ‘వాటర్ హ్యామర్’ అంటారు. నీటి సుత్తి దెబ్బ అన్నమాట.

దెబ్బ ఎంత గట్టిదో 1897లో మాస్కో నీటి పైపుల మీద ప్రయోగాలు చేసి లెక్క తేల్చిన శాస్త్రవేత్త నికొలాయ్ ఝుకోవ్‌స్కీ. తర్వాతి కాలంలో రష్యా విమానయాన పితామహుడిగా పేరు తెచ్చుకున్నదీ ఆయనే. ఆయన సూత్రం ప్రకారం, ఉక్కు పైపులో సెకనుకు మీటరు వేగంతో పోయే నీటిని టక్కున ఆపితే అదనంగా పుట్టే ఒత్తిడి సుమారు 10 బార్లు. అంటే 100 మీటర్ల ఎత్తు నీటి ట్యాంకు బరువు ఒక్కసారిగా మీద పడ్డట్టు. ఈ ఒత్తిడి అలలా, సెకనుకు దాదాపు కిలోమీటరు వేగంతో పైపు వెంట పరుగెత్తి, చివరను తాకి వెనక్కి వస్తుంది.

పంపు ఆగినప్పుడు కథ కాస్త తిరగబడుతుంది. ముందున్న నీళ్లు అదే ఊపులో సాగిపోతాయి, వెనక నుంచి తోసేవాళ్లు ఉండరు. మధ్యలో ఒత్తిడి పడిపోతుంది. గుట్టల మీదుగా లైను ఎత్తుగా వెళ్లే చోట నీటి స్తంభం రెండుగా విడిపోయి, నడుమ ఆవిరి బుడగ ఏర్పడుతుంది. ముందుకెళ్లిన నీళ్లు వెనక్కి జారి ఆ ఖాళీని ఢీకొడతాయి. పాతబడిన పైపో, బలహీనమైన జాయింటో ఉంటే అక్కడే పగులుతుంది.

దీన్ని తట్టుకోవడానికే లైన్ల మీద సర్జ్ ట్యాంకులు, ఎయిర్ వెసెల్స్, ఎయిర్ వాల్వులు పెడతారు. రోడ్డు పక్కన చిన్న గదిలాంటి కట్టడంలో అప్పుడప్పుడు బుస్సుమంటూ గాలి, నీళ్లు చిమ్మేది ఈ ఎయిర్ వాల్వే. కొన్నిచోట్ల బిందెడు నీళ్ల కోసం దీన్ని వదులు చేస్తుంటారు. అవసరం అర్థం చేసుకోదగ్గదే, కానీ ఆ వాల్వు పాడైతే లైనుకు ఊపిరాడదు.

మన నగరాల్లో ఇంకో చిక్కుంది. నల్లా నీళ్లు రోజుకో, రెండు రోజులకో కాసేపే వస్తాయి. సరఫరా ఆగాక పైపులు ఖాళీ అవుతాయి, గాలి చేరుతుంది. మళ్లీ వదిలినప్పుడు వాల్వును గబగబా తిప్పితే నీళ్లు గాలిని తోసుకుంటూ వచ్చి కొడతాయి. అందుకే లైన్‌మన్ వాల్వును నిదానంగా తిప్పుతుంటే విసుక్కోకండి. ఆ నిదానమే లైనును కాపాడుతుంది.

అసలు భయపడాల్సింది పగుళ్ల కంటే ఒత్తిడి పడిపోయే క్షణాల గురించే. ఆ సమయంలో పైపు బయటి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. లీకేజీ పక్కనే డ్రైనేజీ ఉంటే ఏం కలుస్తుందో చెప్పక్కర్లేదు. నల్లాకు నేరుగా మోటారు బిగించడాన్ని నిషేధించింది పక్కింటివాళ్ల వాటా పోతుందని మాత్రమే కాదు, ఆ మోటారు కూడా ఇలాగే లైనులోకి మురికిని లాగుతుంది. సరఫరా ఆగి మళ్లీ మొదలైన రోజు తొలి నీళ్లను సంపులోకి వదలకండి. రంగు, వాసన తేలాకే పట్టుకోండి, తాగే నీటిని కాచుకోండి.

ఇంట్లోనూ ఈ సుత్తి మోగుతుంది. వాషింగ్ మెషీన్‌లో నీళ్లు ఆగగానే గోడలో ‘ఠక్’మని వినిపిస్తే అదే. పావు మలుపుతో మూసే లివర్ వాల్వులను ఒక్క ఊపున కాకుండా మెల్లగా మూయండి. గోడ మీద కదులుతున్న పైపులకు క్లాంపులు బిగించండి. ట్యాంకు మోటారు ఆగిన ప్రతిసారీ పెద్ద చప్పుడు వస్తుంటే నాన్ రిటర్న్ వాల్వును ప్లంబర్‌కు చూపించండి. హైదరాబాద్‌లో వీధి లైను పగిలినా, నీళ్లు రంగు మారి వచ్చినా జలమండలి నంబర్ 155313కు ఫోన్ చేయొచ్చు.