అంగడిలో చెల్లిన మందుల చీటీ

వైద్యుడు మందుల చీటీపై పాలు, గ్రుడ్లు, మాంసము, కూరగాయలు అని వ్రాసి సంతకము చేయగా, బిడ్డనెత్తుకొని వచ్చిన తల్లి దానిని మందుల దుకాణమునకు గాక వెచ్చాల కొట్టునకు గొనిపోవుటయు, కొట్టువాడు సరకులిచ్చి ఆ పద్దును ఆరోగ్యకేంద్రమునకు బంపుటయు, కేంద్రము దానిని ఔషధముల ఖాతాలోనే చెల్లించుటయు ఒకప్పుడు అమెరికాలోని మిసిసిపి రాష్ట్రమున, మౌండ్ బాయూ పట్టణమున నడచిన వ్యవహారము. మందులకిచ్చిన ధనమును తిండికి వెచ్చించుట యేమని పైయధికారులు నిలదీయగా, ఆ కేంద్రస్థాపకుడైన డాక్టరు జాక్ గైగర్, పోషకాహారలోపమను వ్యాధికి తానెఱిగిన మందు ఆహారమే యని బదులు చెప్పెను.

మౌండ్ బాయూ 1887లో, దాస్యవిముక్తులైన నల్లవారు తమకై తాము కట్టుకొన్న పట్టణము. చుట్టును పత్తిచేలు. ఆ చేలనే నమ్ముకొని కూలికిని పాలుకును సేద్యము చేసిన కుటుంబములు, పత్తి తీయు యంత్రములును కలుపుమందులును వచ్చిన పిదప పనియు గూడును కోల్పోయి, వాన కాగని గుడిసెలలో, కాలువగుంటల నీరు త్రాగుచు కాలము గడపుచుండెను. అట్టిచోట అతిసారముతో వచ్చిన శిశువును నాలుగు దినములు కాపాడి, మరల ఆ నీటికే అప్పగించునది వైద్యమనిపించుకొనునా?

గైగరున కీ దృష్టి స్వదేశమున అబ్బినది కాదు. విద్యార్థిగా 1957లో దక్షిణాఫ్రికాకు బోయి, సిడ్నీ కార్క్, ఎమిలీ కార్క్ అను వైద్యదంపతులు 1940లో ఫొలేలా గ్రామసీమలో జూలూ ప్రజలకై ఆరంభించిన కేంద్రమున ఆయన దీనిని నేర్చెను. పిదప అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ప్రభుత్వము పేదరికముపై ప్రకటించిన యుద్ధమునకై కేటాయించిన ధనముతో, కౌంట్ గిబ్సన్ అను సహవైద్యునితో గూడి, 1965లో బోస్టన్ నగరపు పేదల వాడయగు కొలంబియా పాయింటునను, 1967లో మౌండ్ బాయూలోను కేంద్రములు తెఱపించెను. కావుననే మౌండ్ బాయూ కేంద్రము రోగులను చూచుటతో నాగక, బావులు త్రవ్వించెను, మరుగుదొడ్లు కట్టించెను, కిటికీలకు ఈగలు చొరని జాలీలు బిగింపించెను. జాన్ హ్యాచ్ అను కార్యకర్త ప్రోత్సాహమున వందలాది కుటుంబములు సహకారసంఘముగా నేర్పడి కూరగాయలు పండించుకొనిరి. చీటీ వ్రాసి యిచ్చుటకంటె నిది ఘనతరమైన చికిత్స యని నా తలంపు. పైవారు ధనమాపిన నాడు చీటీ చెల్లదు, చేను చేనుగానే యుండును.

నేడు అమెరికాలో నిట్టి కేంద్రములు 3 కోట్లకు పైబడిన ప్రజలకు, బీమా లేనివారి కైనను ఆదాయమును బట్టి తగ్గించిన రుసుముతో, వైద్యము చేయుచున్నవి. వీనిని నడపు పాలకమండలిలో సగముకంటె నెక్కువమంది అచ్చట వైద్యము పొందువారే కావలెనని 1975 నాటి శాసనము విధించినది. సేవ చేయువారు సేవ పొందువారికి లెక్క చెప్పవలసిన యేర్పాటు లోకమున నరుదు. ఇది కొందఱు వైద్యులకు రుచింపకపోయిన నాశ్చర్యము లేదు. అయినను, సేవ పొందు జనములోనివారే సేవను నడపగలరనుటకు నిదర్శనము లేకపోలేదు: పాలుకు సేద్యము చేయు కుటుంబమున బుట్టి, ఆ సహకార క్షేత్రమున పనిచేసి, పిమ్మట డాక్టరేటు పట్టము పొందిన ఎల్.సి. డోర్సీ అను నామె 1988లో మౌండ్ బాయూ కేంద్రమునకే నిర్వాహకురాలయ్యెను.